దసరా సెలవుల్లో జాయ్‌స్టిక్ తగిలిస్తున్నారా? ట్రిమ్ దగ్గర జాగ్రత్త

పోయిన ఆదివారం రాత్రి మా ఫ్లైట్ సిమ్యులేటర్ (కంప్యూటర్లో విమానం నడిపే ఆట) గ్రూపు మిషన్‌లో హన్మకొండ తమ్ముడొకడి మెసర్‌ష్మిట్ 109 (రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫైటర్) డైవ్‌లోంచి లేవకుండా నేరుగా నేలను గుద్దింది. ఒకసారి చస్తే మళ్లీ ఎక్కే వీల్లేని మిషన్ అది. స్టిక్ పొట్టకు ఆనేదాకా లాగినా ముక్కు లేవలేదట. జాయ్‌స్టిక్ పాడైందనుకుని మర్నాడు స్క్రూలన్నీ విప్పాడు. విప్పేటప్పుడు లోపలి వైరు కూడా తెగింది. స్టిక్‌లో ఏ లోపమూ లేదు. ట్రిమ్ అంటే చెయ్యి వదిలినా విమానం ముక్కు అనుకున్న చోటే నిలిచేలా చేసే సర్దుబాటు. దాన్ని వాడు స్లైడర్‌కి (జరిపే మీటకి) ఇచ్చుకున్నాడు, అది పూర్తిగా ముక్కు కిందికి దించే వైపు ఉంది, అంతే.

సెలవులకు హైదరాబాద్ నుంచి వరంగల్, కరీంనగర్ బస్సుల్లో బ్యాగులో స్టిక్ పెట్టుకుని వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటికి రాగానే పాత కంప్యూటర్‌కి తగిలించి, సద్దుల బతుకమ్మ రాత్రి అందరూ చెరువు దగ్గరికి వెళ్లాక మిషన్‌లో దిగుతారు. ఇలాంటివి సరిగ్గా అప్పుడే జరుగుతాయి. బటన్లు ఎలా పెట్టుకోవాలో మీకు తెలుసు, అది చెప్పను.

అసలు తప్పు

ఆ తమ్ముడు చేసిందీ, నేను చాలామందిలో చూసిందీ ఒకటే. స్టిక్‌లో ఉన్న తేడాను ట్రిమ్‌తో సర్దుకోవడం.

అదెలా జరిగిందో చూడండి. కొన్ని స్టిక్‌లు కేబుల్ పెట్టిన క్షణంలో ఎక్కడుంటే దాన్నే మధ్య అనుకుంటాయి. శనివారం వాడు కేబుల్ పెడుతున్నప్పుడు స్టిక్ కొంచెం ముందుకు వంగి ఉంది. దాంతో చెయ్యి వదిలితే చాలు, విమానం ముక్కు పైకి లేస్తోంది. 'విమానమే అంత' అనుకుని స్లైడర్‌ని తోసి ముక్కు దించాడు. ఎగరడం కుదిరింది, సంతోషించాడు. ఆదివారం కేబుల్ తీసి మళ్లీ పెట్టాడు. ఈసారి స్టిక్ సరిగ్గా నిలబడి ఉంది కాబట్టి తేడా పోయింది. స్లైడర్ మాత్రం నిన్నటి చోటే ఉండిపోయింది.

పైగా 109లో వేగం పెరిగేకొద్దీ ఎలివేటర్ (స్టిక్ లాగితే తోక దగ్గర కదిలి ముక్కును లేపే పలక) బరువెక్కుతుంది. పైలట్ బలం చాలదని సిమ్యులేటర్ కూడా లెక్కేస్తుంది. మీరు స్టిక్ మొత్తం లాగినా లోపల ఎలివేటర్ కదిలేది కొంచెమే. స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డరెక్క, 109లో ట్రిమ్ తిప్పేది దీన్నే) అలా కాదు, పెట్టిన చోట అలాగే ఉంటుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. నెమ్మదిగా ఎగిరేటప్పుడు సరిపోయిన సర్దుబాటు డైవ్‌లో ప్రాణం తీసేది అందుకే. స్టిక్‌లో తేడా అలాగే ఉన్నా ఇదే గతి, ఎందుకంటే ఆ రెండూ ఏదో ఒక వేగం దగ్గరే ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి.

కాబట్టి ట్రిమ్ ముట్టుకునే ముందు స్టిక్ చూడండి. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్‌లో కొట్టండి. మీ స్టిక్ ఎంచుకుని ప్రాపర్టీస్ తెరిస్తే ఒక పెట్టెలో ప్లస్ గుర్తు కనిపిస్తుంది. స్టిక్‌ని నాలుగు వైపులా తిప్పి వదిలేయండి. ప్లస్ మధ్యలోకి రాకపోతే కాలిబ్రేట్ చేయండి (మధ్య ఎక్కడో కంప్యూటర్‌కి మళ్లీ చూపించండి). వచ్చినా విమానం లాగుతుంటే, అప్పుడది విమానం స్వభావం. అప్పుడే ట్రిమ్.

ఏ విమానానికి ఏది ఉంది

109లో గాల్లో తిప్పగలిగింది స్టెబిలైజర్ ఒక్కటే. రడ్డర్‌కి (తోక మీది నిలువు పలక), ఎయిలెరాన్లకి (రెక్కల చివర కదిలే పలకలు) ఉన్న రేకులు నేలమీద మెకానిక్ వంచేవి. స్పిట్‌ఫైర్‌లో ఎలివేటర్, రడ్డర్ రెండింటికీ ఉంది, ఎయిలెరాన్‌కి లేదు. పీ-51లో మూడూ ఉన్నాయి. లేని ట్రిమ్‌కి బటన్ ఇచ్చి పని చేయట్లేదని రాత్రంతా టెన్షన్ పడకండి. ఎఫ్-16 లాంటి వాటిలో ముక్కు సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది. ఒక రెక్క కింద బరువు మిగిలిపోతే రోల్ ట్రిమ్ (పక్కకు ఒరగకుండా చేసేది) వాడండి.

హ్యాటా, స్లైడరా

ట్రిమ్‌ని హ్యాట్‌కి (స్టిక్ తల మీద బొటనవేలితో నొక్కే బటన్‌కి) ఇవ్వాలా, స్లైడర్‌కా అంటే నా మాట హ్యాటే. వేలు తీయగానే ఆగుతుంది. 109లో స్టెబిలైజర్ తిప్పే చక్రానికి మాత్రం స్లైడర్ సుఖంగా ఉంటుంది, వేగం మారినప్పుడల్లా చాలా దూరం తిప్పాలి కాబట్టి. స్లైడరే కావాలంటే న్యూట్రల్ (ట్రిమ్ ఎటూ లేని చోటు) దగ్గర ఇన్సులేషన్ టేప్ ముక్క అంటించండి. స్టిక్‌లో హాల్ సెన్సర్ (అయస్కాంతంతో పనిచేసేది) ఉన్నా స్లైడర్‌కి మామూలు పొటెన్షియోమీటరే (లోపల రాసుకుంటూ కదిలే రకం) ఉండొచ్చు. దుమ్ము పడితే విలువ వణుకుతుంది, దాంతో పాటు ముక్కూ వణుకుతుంది.

ఇక మిగతావి:

- కేబుల్ పెట్టేటప్పుడు స్టిక్ మీద చెయ్యి వేయొద్దు.
- కాక్‌పిట్‌లోకి వెళ్లే ముందు స్లైడర్ వైపు చూడండి. ప్రతిసారీ.
- రోజూ అదే యూఎస్‌బీ పోర్టు. వేరే దాంట్లో పెడితే విండోస్ దాన్ని కొత్త పరికరం అనుకోవచ్చు, మీ సెట్టింగులు కనపడకుండా పోతాయి.
- డీసీఎస్ అనే సిమ్యులేటర్ కొత్త పరికరం కనపడగానే దాని యాక్సిస్‌లు (ఏ కదలిక దేనికన్నది) తనే కేటాయిస్తుంది. కంట్రోల్స్ సెట్టింగుల్లో పెడల్స్, థ్రోటిల్ వరసల్లో పిచ్ (ముక్కు పైకీ కిందికీ), రోల్ (పక్కకు ఒరగడం) ఉంటే తీసేయండి. స్టిక్ సొంతంగా లాగుతోందని చెప్పేవాళ్లలో చాలామందికి ఇదే జబ్బు.
- డీసీఎస్‌లో కుడి కంట్రోల్, ఎంటర్ నొక్కితే కంట్రోల్స్ బొమ్మ వస్తుంది. టేకాఫ్‌కి ముందు అది చూడండి.
- ఒకే ట్రిమ్‌కి హ్యాట్, స్లైడర్ రెండూ ఇవ్వొద్దు.
- డెడ్‌జోన్ (మధ్యలో స్టిక్ కొంచెం కదిలినా పట్టించుకోని మేర) పెంచి తేడాను దాచొద్దు. గురి పోతుంది.
- స్టిక్‌లో తేడాను ట్రిమ్‌తో కూడా దాచొద్దు. మళ్లీ చెప్తున్నా, దాచొద్దు.
- హెలికాప్టర్‌లో ట్రిమ్ బటన్ అప్పుడు స్టిక్ ఉన్న చోటునే పట్టి ఉంచుతుంది, కాబట్టి నొక్కి వదలగానే స్టిక్‌ని మధ్యకు తెచ్చేయండి. లేకపోతే ట్రిమ్ మీద మీ చెయ్యి కూడా కలిసి బోల్తా కొడుతుంది. ట్రిమ్ రీసెట్ బటన్ వేలికి అందే చోట పెట్టండి.
- 109 డైవ్ నుంచి లేపేటప్పుడు స్టెబిలైజర్‌ని కొంచెం కొంచెంగా తిప్పండి. ఒక్కసారి లాగితే కళ్లు చీకట్లు కమ్ముతాయి, లేదా రెక్క ఊడుతుంది.
- కరెంటు పోయి వస్తే నేరుగా ఆటలోకి వెళ్లొద్దు. ముందు ప్లస్ గుర్తు చూడండి.
- పీ-51లో రడ్డర్ ట్రిమ్ కుడికి 5, 6 డిగ్రీలు పెట్టాకే థ్రోటిల్ తోయండి.
- స్క్రూడ్రైవర్ ముట్టుకోవద్దు. ప్లస్ గుర్తు చూడకుండా అసలే వద్దు.
- హైదరాబాద్‌లో బయల్దేరే ముందు సేవ్డ్ గేమ్స్‌లోని డీసీఎస్ ఫోల్డర్ తెరిచి, కాన్ఫిగ్ లోపలున్న ఇన్‌పుట్ ఫోల్డర్‌ని (మీ బటన్ల సెట్టింగులు అందులోనే ఉంటాయి) పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.