తాతల నాటి పొలాన్నీ నీటి తిరగలినీ మళ్లీ నడిపించడం ఎలా?

మా పొలం దేవరాపల్లి వైపు, అనంతగిరి కొండల మీంచి దిగే ఒక గెడ్డ (వాగు) పక్కన ఉంది. అందులో ముత్తాత కట్టించిన నీటి తిరగలి ఒకటి, పాత బెల్లం పాక ఒకటి, రాళ్లు పేర్చి కట్టిన చిన్న కోనేరు ఒకటి ఉన్నాయి. మా వైపు నీళ్లతో తిరిగే తిరగలి అరుదు, అందుకే ఊళ్లో అందరికీ అది గుర్తే. ముప్పై ఏళ్ల పైగా అది ఆగిపోయి ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మామిడి చెట్లు కాలువకి అడ్డంగా కూలిపోయాయి, ఆ తర్వాత ఎవరూ అటు వెళ్లలేదు. నేను విశాఖలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు వెళ్లి నాలుగేళ్లలో దాన్ని మళ్లీ తిప్పాను. ఇలాంటి ఆస్తి మీ ఇంట్లో కూడా ఉంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలిస్తే డబ్బూ టైమూ రెండూ మిగులుతాయి. నేను మొదట చక్రం చేయించి తప్పు చేశాను. కాగితాలు చూసుకున్నాక, మొదలుపెట్టాల్సింది నీళ్ల దగ్గర.

ముందు కాగితాలు

ఇది విసుగు పుట్టించే పనే, కానీ దాటవేయకండి. మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1బి (భూమి రికార్డులు) తీయండి, సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకోండి, రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీకి (భూమి మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్) పెట్టండి. మా ప్రాంతం జమీందారీల కింద ఉండేది కాబట్టి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ నకలు కూడా అడగండి, గెడ్డ ఎక్కడ ఉందో, కాలువ ఎవరి పేరున ఉందో అందులోనే తేలుతుంది. ఇంకో చిక్కు, పాత దస్తావేజులన్నిటిలో విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ 4 నుంచి మా మండలం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. అప్లికేషన్‌లో పాత జిల్లా పేరు రాస్తే ఫైలు తిరిగి వచ్చేస్తుంది. ఏజెన్సీ గ్రామాల్లో భూమి అయితే 1/70 చట్టం వర్తిస్తుంది, అక్కడ గిరిజనేతరుల పేరు మీదకి భూమి మార్చడం కుదరదు, కాబట్టి బయటి పెట్టుబడిదారుల మాటలు వినకండి.

గెడ్డ పోరంబోకు ప్రభుత్వానిది. దానికి అడ్డంగా కాంక్రీటు గోడ కట్టే హక్కు మనకి లేదు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి, కూలిన చెట్టు తీయాలన్నా ముందు ఎమ్మార్వో ఆఫీసులో కాగితం పెట్టుకోవడం మంచిది. అన్నదమ్ముల వాటాలు తేలకపోతే అవీ ఇప్పుడే తేల్చుకోండి. మా చిన్నాన్నతో నేను ఈ మాట ఎత్తడానికే ఏడాది పట్టింది, ఎత్తాక గంటలో అయిపోయింది.

నీళ్లు ఎన్ని ఉన్నాయో కొలవండి

అసలు పని ఇక్కడే ఉంది, తొందరపడకండి. మీకు రెండు అంకెలు కావాలి: నీళ్లు ఎంత ఎత్తు నుంచి పడతాయి, సెకనుకి ఎన్ని లీటర్లు వస్తాయి. ఎత్తుకి మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబు చాలు. పారదర్శకంగా ఉండే పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస కాలువ నీటి మట్టం దగ్గర, ఇంకో కొస కింద చక్రం గుంట దగ్గర పట్టుకుని, మెట్టు మెట్టుగా దిగుతూ తేడాలు రాసుకోవాలి. మాకు అన్నీ కూడితే మూడు మీటర్లు వచ్చింది.

ప్రవాహానికి ఒక పలక తీసుకుని మధ్యలో సరిగ్గా 90 డిగ్రీల కోణంలో వీ ఆకారపు గాటు కోసి, గాటు అంచు పదును చేసి, కాలువకి అడ్డంగా నిలబెట్టి, పక్కల నుంచి కారకుండా బంకమట్టితో మెత్తాలి. మీటరు, మీటరున్నర ఎగువన ఒక పుల్ల పాతి, గాటు అడుగు నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో చూడాలి. 15 సెంటీమీటర్లు ఉంటే సెకనుకి దాదాపు 12 లీటర్లు, 20 ఉంటే 25 లీటర్లు, 25 ఉంటే 43 లీటర్లు. ఐదు సెంటీమీటర్ల తేడాకే నీళ్లు ఎంత పెరుగుతాయో చూడండి, అందుకే అంచనాగా చెప్పే మాటలు నమ్మకూడదు. నెలకోసారి, ఏడాది పాటు రాయండి. మాకు నవంబరులో 50 లీటర్ల దగ్గర వచ్చింది, మార్చిలో 12కి పడిపోయింది.

ఇప్పుడు లెక్క సులువు: లీటర్లు, మీటర్లు, 9.81 మూడూ గుణిస్తే వాట్లు వస్తాయి. 50 ఇంటూ 3 ఇంటూ 9.81 అంటే 1,470 వాట్లు. బాగా కుదిరిన పైనుంచి నీళ్లు పడే చక్రం అందులో అరవై శాతం పైనే ఇస్తుంది, అరవై అనుకున్నా 880 వాట్లు, ఒక హెచ్‌పీకి కొంచెం ఎక్కువ. చోళ్లు (రాగులు) విసిరే చిన్న తిరగలికి ఇది బాగానే సరిపోతుంది. కరెంటుతో తిరిగే రకం నూనె గానుగకి చాలదు. వాటికి రెండు మూడు హెచ్‌పీ మోటార్లు పెడతారు కదా, అందుకే మా పాకలో పాత గానుగకి ఎద్దుల్నే ఉంచాను.

మార్చిలో 12 లీటర్లతో చక్రం కదలదు. అప్పుడే మాకు కోనేరు ఎందుకు కట్టారో అర్థమైంది. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, మీటరు లోతు, అంటే 300 ఘనపు మీటర్లు. 12 లీటర్ల ధారకి అది ఏడు గంటల్లో నిండుతుంది. రాత్రి నింపి తెల్లవారి సెకనుకి 40 లీటర్ల చొప్పున వదిలితే, పైనుంచి వచ్చే 12 లీటర్లు కూడా కలుస్తూ ఉంటాయి కాబట్టి, మూడు గంటలు తిరగలి ఆడుతుంది. ఊళ్లో పెద్దవాళ్లు 'తెల్లారి తిరగలి' అని ఎందుకు అనేవారో నాకు ఆ రోజు తెలిసింది, పుస్తకంలో లెక్క వేస్తుంటే ఒళ్లు పులకరించింది.

అయితే రాత్రి మీరు నీళ్లు పట్టుకుంటే కింద రైతులకి ఆ ఏడు గంటలు కాలువ ఎండుతుంది. వాళ్లని కూర్చోబెట్టి రోజులు, వేళలు మాట్లాడుకోండి. తిరగలి నీళ్లని తాగేయదు, చక్రం దిగిన ప్రతి చుక్కా మళ్లీ పొలాల్లోకే పోతుంది, ఆ మాట కాలువ గట్టు మీద నిలబెట్టి చూపిస్తే గొడవ ఉండదు.

కాలువ, మదుము

పూడిక తీసేటప్పుడు పొక్లెయిన్ పెట్టకండి. పాత రాతి అడుగు పైకి లేచిపోతుంది. పారలతో తీయించండి, పాత వాలు బయటపడుతుంది. మట్టి కాలువకి 500 మీటర్లకి ఒక మీటరు వాలు సరిపోతుంది, ఎక్కువైతే గట్లు కోసుకుపోతాయి, తక్కువైతే ఇసుక పేరుకుంటుంది. గెడ్డలో నీళ్లు మళ్లించడానికి పెద్ద రాళ్లు వదులుగా పేర్చడమే మంచిది. వరదకి అవి పోతాయి, పోవాలి కూడా, లేకపోతే వరద మీ కాలువలోకి దూరుతుంది. మాకు అక్టోబరు, నవంబరు తుఫానుల రోజులు, కాబట్టి కాలువ మొదట్లోనే చెక్క తలుపు మదుము (నీళ్లు వదలడానికీ ఆపడానికీ పెట్టే తూము), దాని పక్కనే ఎక్కువ నీళ్లు తిరిగి గెడ్డలోకి పోయే పొర్లుకట్టు తప్పనిసరి. చక్రానికి ముందు ఇసుక దిగడానికి ఒక గుంట, ఆకులు ఆపడానికి ఇనుప ఊచల జల్లెడ పెట్టండి.

గోడలకి సిమెంటు వద్దు

పాత తిరగలి గది డంగు సున్నంతో కట్టింది. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక ఇటుక పొడి అయిపోతుంది, మా బెల్లం పాక వెనక గోడకి సరిగ్గా ఇదే జరిగింది. పాత సున్నం వదులైన చోట గీకేసి, కొత్త సున్నం పెట్టండి. రాతి సున్నం నీళ్లలో వేస్తే సలసలా మరుగుతుంది, కళ్లకి అద్దాలు, చేతికి గ్లవ్స్ లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. కనీసం మూడు వారాలు తడిగా మాగనిచ్చి, ఒక వంతు సున్నానికి రెండున్నర, మూడు వంతుల ఇసుక కలిపి వాడాలి. పాతకాలం మేస్త్రీలు కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్లు కలిపేవారు, అనకాపల్లి పక్కనే ఉండి బెల్లానికి వెతుక్కోనక్కర్లేదు. పూసిన గోడని గోనె సంచులు తడిపి కప్పి ఉంచండి. వర్షాకాలంలో మాత్రం ఈ పని మొదలుపెట్టకండి.

చక్రం

నేను మొదటి ఏడాదే ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో నాలుగు మీటర్ల ఇనుప చక్రం చేయించాను. వాళ్లు చోటు చూడ్డానికి రాలేదు, నేనూ కొలిచి ఇవ్వలేదు. మూడు మీటర్ల ఎత్తులో అది ఎక్కడ పడుతుంది? అడుగు నీళ్లలో మునిగి కదల్లేదు. చివరికి ఒక ముసలి వడ్రంగి వచ్చి గుంటలోకి దిగి తొంగి చూసి, "నీళ్లు ఎంత ఎత్తు దిగుతాయో అంతకన్నా చిన్నగా ఉండాలి బాబూ, పైన దూకడానికీ కింద జారిపోడానికీ సందు వదలాలి" అన్నాడు. రెండున్నర మీటర్ల చక్రం, అర మీటరు వెడల్పు, నీళ్లు పట్టడానికి పాతిక సెంటీమీటర్ల లోతు డొప్పలు. నిమిషానికి పన్నెండు, పదమూడు చుట్లు తిరుగుతుంది, అంతకన్నా వేగంగా తిప్పితే నీళ్లు డొప్పల్లోంచి చిమ్మిపోయి బలం తగ్గుతుంది. ఇరుసు, బేరింగులు గాజువాక ఆటోనగర్‌లో లేత్ పని చేయించుకున్నాం. పళ్ల చక్రానికి మాత్రం నల్లతుమ్మ చెక్క వాడాం, బండి చక్రాలకి వాడేదే. తేడా వచ్చినా ఒక పన్ను విరిగితే పన్ను మారిస్తే చాలు, ఇనుమైతే మొత్తం పోతుంది.

తిరగలి రాళ్లు

అరవై సెంటీమీటర్ల రాయి ఒక హెచ్‌పీకి సరిపోతుంది. పాత రాళ్లు దొరికితే వదలకండి, ముందు సుత్తితో తట్టి చూడండి, గంటలా మోగితే మంచిది, మొద్దుగా పలికితే లోపల పగులుంది. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ అనే రాయి గోడలకి పనికొస్తుంది గానీ విసరడానికి కాదు, గట్టి నల్లరాయి కావాలి.

కక్కు కొట్టే (రాయి మీద గాట్లు పెట్టే) ముందు రాయి సమంగా ఉందో చూడాలి. తిన్నని చెక్క బద్దకి జాజు (ఎర్రమట్టి రంగు) తడిపి రాసి, రాయి మీద అడ్డంగా, నిలువుగా తిప్పండి. ఎర్రగా అంటిన చోట మెరక. అక్కడ మాత్రమే ఉలితో దించాలి, మళ్లీ జాజు, మళ్లీ ఉలి. మా రాయికి రెండు ఆదివారాలు పట్టింది, ఎర్ర చుక్కలు ఒకచోట గుంపులు కట్టకుండా రాయంతా పరుచుకున్నాకే కక్కు మొదలుపెట్టాం. గాట్లు కన్ను (రాయి మధ్య రంధ్రం) దగ్గర లోతుగా, అంచుకి వచ్చేసరికి సన్నగా రావాలి. రెండు రాళ్ల మధ్య సందు కూడా అంతే, కన్ను దగ్గర గింజ దూరేంత, అంచు దగ్గర కాగితం దూరేంత. పళ్ల చక్రాలతో పై రాయిని నిమిషానికి నూరు, నూట ఇరవై చుట్లు తిప్పాలి, అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే రాయి ఎనిమిది, తొమ్మిది చుట్లు తిరగాలి.

ఖాళీ తిరగలిని ఎప్పుడూ తిప్పకండి, రాయి రాయి కొట్టుకుని కక్కు చెరిగిపోతుంది. ముందు గింజ పోసి, తర్వాత మదుము ఎత్తాలి. ఆపేటప్పుడు ముందు మదుము దించి, చివరి గింజ రాళ్ల మధ్య ఉండగానే రాయి ఆగాలి. మొదట పది కిలోల పాత నూకలు విసిరి పారేయండి, అందులో రాతి పొడి ఉంటుంది, పశువులకి కూడా పెట్టకూడదు. తర్వాత చోళ్లు పోసి, అంచు దగ్గర చెయ్యి పట్టి పిండిని చూడండి. గోరువెచ్చగా ఉంటే సందు సరిగ్గా కుదిరినట్టు, కాలుతుంటే రాయి బాగా దగ్గరైనట్టు, వెంటనే కొంచెం ఎత్తాలి. మాకు ఇప్పుడు గంటకి పది, పన్నెండు కిలోలు పడుతోంది. మొదటి పిండితో మా అమ్మ అంబలి కాచి, ఆ వడ్రంగికీ, కాలువ తవ్వినవాళ్లకీ అరుగు మీదే గ్లాసుల్లో పోసింది.

రోజూ పని అయ్యాక జల్లెడ దగ్గర ఆకులు తీసి, బేరింగులకి గ్రీజు చూసుకుని వెళ్లండి. అక్టోబరు, నవంబరులో కొండ మీద నల్లగా మబ్బు పట్టిందంటే విశాఖలో ఎండ కాస్తున్నా సరే, పక్క రైతుకి ఫోన్ చేసి మదుము మూయించండి.