ఆన్‌లైన్ ఎంఏటీ చేసి అమెరికాలో హైస్కూల్ టీచర్ అవ్వాలనుకుంటే: ఎక్కడ ఆగుతుంది, ఎందుకు, ఏం చెయ్యాలి

మాస్టర్ ఆఫ్ ఆర్ట్స్ ఇన్ టీచింగ్ ఆన్‌లైన్‌లో చేసి మ్యాథ్సో కెమిస్ట్రీయో చెబుదామనుకునే మనవాళ్ళు, ముఖ్యంగా హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీదున్న ఆడవాళ్ళు, చదువు దగ్గర కన్నా కాగితాల దగ్గరే ఎక్కువ ఆగిపోతున్నారు. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, లైసెన్స్ ఇచ్చేది స్టేట్, ఇద్దరి లెక్కా ఒకటి కాదు, సగం తలనొప్పులు ఇక్కడే.

సమస్య: "బీటెక్ ఉంది కదా, మ్యాథ్స్ క్రెడిట్లు చాలవంటారేంటి?"

ఎందుకంటే మన ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఎం1, ఎం2, ఎం3, ఇంకో ప్రాబబిలిటీ పేపరు తప్ప మిగతావన్నీ ఇంజనీరింగ్ కిందకి పోతాయి, సిగ్నల్స్‌లో ఎన్ని ఇంటిగ్రల్స్ చేశారన్నది వాళ్ళకి అనవసరం. న్యూజెర్సీలో సబ్జెక్టులో 30 క్రెడిట్లు కావాలి, అందులో 12 పై స్థాయివి, అంటే డిగ్రీ మూడు నాలుగో సంవత్సరాల్లో చదివేవి. టెక్సస్ కొంచెం నయం, ఏడో గ్రేడ్ నుంచి పైకి మ్యాథ్స్, సైన్స్‌కి 15 చాలు, అవీ లేకపోతే ముందే కంటెంట్ టెస్ట్ (సబ్జెక్టు పరీక్ష) పాసై ప్రోగ్రామ్‌లో చేరే దారి ఉంది.

ఏం చెయ్యాలంటే, ఇవాల్యుయేషన్ (మన డిగ్రీ అమెరికా లెక్కలో దేనికి సమానమో ఏజెన్సీ రాసిచ్చే రిపోర్ట్) చేయించేటప్పుడే ఏ కోర్సు పై స్థాయో ఏది కింది స్థాయో విడిగా చూపించమని అడగండి, సిలబస్ కాపీలు కాలేజీ నుంచి తెప్పించి దగ్గర పెట్టుకోండి. తక్కువైన క్రెడిట్లకి చాలామంది చవగ్గా వస్తుందని కమ్యూనిటీ కాలేజీకి పరిగెడతారు, కానీ అక్కడ దొరికేవి దాదాపు అన్నీ కింది స్థాయివే, ఆ 12కి పనికిరావు, డబ్బూ సెమిస్టరూ రెండూ పోతాయి. లీనియర్ ఆల్జీబ్రా తర్వాత వచ్చేవి, అబ్‌స్ట్రాక్ట్ ఆల్జీబ్రా, రియల్ అనాలిసిస్ లాంటివి నాలుగేళ్ళ యూనివర్సిటీలోనే తీసుకోండి.

సమస్య: ఇవాల్యుయేషన్ రిపోర్ట్ వెనక్కొచ్చింది.

సాధారణంగా చవక రకం చేయించి ఉంటారు, డిగ్రీ సమానమా కాదా అని ఒక్క ముక్క రాసేది. కోర్సు కోర్సుకీ క్రెడిట్లు, గ్రేడ్లు చూపించేదే కావాలి, అదీ మీ స్టేట్ ఒప్పుకునే ఏజెన్సీ నుంచే. మూడేళ్ళ బీఎస్సీ వాళ్ళు ఎమ్మెస్సీ ఉంటే రెండూ కలిపి పంపండి, ఒక్క బీఎస్సీనే పంపితే మూడేళ్ళ చదువు అని రాసి చేతులు దులుపుకునే ఏజెన్సీలు ఉన్నాయి.

సమస్య: ప్రాక్సిస్ (టీచర్ లైసెన్స్ కోసం రాసే పరీక్ష) సెంటర్ దగ్గర లోపలికి రానివ్వలేదు, లేదా నేర చరిత్ర తనిఖీకి ఇచ్చిన ఫింగర్‌ప్రింట్స్ రిపోర్ట్ ఫైల్‌కి కలవలేదు.

ఇది అచ్చంగా మన సమస్య. టెన్త్ మెమోలో "కె. లక్ష్మి", పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా, పెళ్ళయ్యాక మళ్ళీ ఇంకోటి, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసినవాళ్ళకైతే వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. పరీక్షకి చూపించబోయే ఐడీలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అదే పేరుతో రిజిస్టర్ చేసుకోండి, యూనివర్సిటీకి, స్టేట్‌కి, ఫింగర్‌ప్రింట్స్‌కి కూడా అదే. పాత పేరున్న సర్టిఫికెట్లకి మ్యారేజ్ సర్టిఫికెట్ జత చెయ్యండి.

సమస్య: "ఆన్‌లైన్ అన్నారు, ఇప్పుడు స్కూలుకి రమ్మంటున్నారు."

క్లాసులే ఆన్‌లైన్. స్టూడెంట్ టీచింగ్ నిజం స్కూల్లో, పగలంతా, వారాల తరబడి, ఎక్కువగా జీతం లేకుండా. ఆ నెలల్లో వేరే ఉద్యోగం కుదరదు, పిల్లల్ని ఎవరు చూసుకుంటారో ముందే అనుకోండి. జీతంతో చేసే ఇంటర్న్‌షిప్ కావాలంటే వర్క్ పర్మిషన్ ఉండాలి, హెచ్4 ఈఏడీ (ఆ వర్క్ పర్మిషన్ కార్డు) రెన్యువల్ ఆ టైమ్‌లో పడకుండా చూసుకోండి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళకి పూర్తి ఆన్‌లైన్ ప్రోగ్రామ్ అసలు కుదరదు.

సమస్య: డిగ్రీ వచ్చింది, స్టేట్ లైసెన్స్ ఇవ్వట్లేదు.

ప్రోగ్రామ్ వేరే స్టేట్‌లో అప్రూవ్ అయ్యి ఉంటుంది. యూనివర్సిటీ సైట్లో ప్రొఫెషనల్ లైసెన్షర్ డిస్‌క్లోజర్ అనే పేజీ ఉంటుంది, ఫీజు కట్టకముందే అందులో మీ స్టేట్ పేరు పక్కన ఏం రాసుందో చూడండి. "నిర్ధారించలేదు" అని ఉంటే యూనివర్సిటీ అడ్మిషన్ కౌన్సెలర్ ఫోన్లో ఎంత తియ్యగా చెప్పినా కట్టకండి, స్టేట్ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి జవాబు రాతలో తెచ్చుకోండి.