ఉర్దూ మాధ్యమ బడులకు ఉపాధ్యాయులు కావాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి

తెలుగు రాష్ట్రాల్లోని ఉర్దూ మాధ్యమ పాఠశాలలకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులను అందించాలనుకునే మైనారిటీ విద్యాసంఘాలు, దాతలు ముందుగా ఏ కోర్సుకు ఖర్చుపెట్టాలో నిర్ణయించుకోవాలి. ప్రాథమిక తరగతుల్లో బోధించడానికి బీఈడీ అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు ఇచ్చింది కాబట్టి, పిల్లలకు చదవడం, రాయడం నేర్పే సెకండరీ గ్రేడ్ టీచర్ల (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుల) కోసమైతే ప్రాథమిక ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా అయిన రెండేళ్ల డీఈఎల్‌ఈడీకే మొదటి వాటా ఇవ్వాలి.

కొత్త కళాశాల కట్టడం కంటే, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపుతో ఇప్పటికే ఉర్దూ మాధ్యమంలో నడుస్తున్న కళాశాలను బలపరచడం మేలు. భవనానికి విరాళం తేలికగానే వస్తుంది గానీ, గణితం, పరిసరాల విజ్ఞానం ఎలా బోధించాలో ఉర్దూలోనే వివరించగల అధ్యాపకుడికి ఏటా జీతం ఇవ్వడానికి ముందుకొచ్చేవారు అరుదు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పెట్టుబడి అదే. అలాంటి అధ్యాపకుల కోసం 1998లో హైదరాబాద్‌లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఎంఈడీ చేసినవారిని సంప్రదించాలి.

విద్యార్థుల ఎంపిక ఇంటర్మీడియట్ రెండో ఏడాదిలోనే మొదలుకావాలి. ఉర్దూ మాధ్యమ జూనియర్ కళాశాలలకు వెళ్లి, ఆ డిప్లొమా ప్రవేశపరీక్ష అయిన డీఈఈసెట్ గురించి విద్యార్థులతోపాటు తల్లిదండ్రులకూ వివరించాలి. ఆడపిల్లల చదువు చాలా ఇళ్లలో రాకపోకల దగ్గరే ఆగిపోతుంది కనుక, ఫీజుతోపాటు బస్సు ఖర్చు, అవసరమైనచోట హాస్టల్ వసతి కూడా ఉపకారవేతనంలో చేర్చాలి.

బోధనాభ్యాసానికి పంపే బడిలో అనుభవమున్న ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుడు ఉండి తీరాలి. ఖాళీ పోస్టును నెట్టుకురావడానికి శిక్షణార్థికి తరగతి మొత్తాన్ని అప్పగించడం ఆ విద్యార్థికీ, పిల్లలకూ అన్యాయమే.

కోర్సు చివరి ఏడాదిలో టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) శిక్షణ ఇవ్వాలి. 150 మార్కుల ఈ పరీక్షలో మొదటి భాషగా ఉర్దూను ఎంచుకోవచ్చు. ఉత్తీర్ణతకు జనరల్ అభ్యర్థులకు 90, బీసీలకు 75 మార్కులు కావాలి. బీసీల్లో ముస్లిం వర్గాల కోసం ఉన్న బీసీ-ఈ కిందికి వచ్చే విద్యార్థులు కులధ్రువీకరణ పత్రాన్ని ముందే తీసుకునేలా చూడాలి.

చివరగా, ఉపాధ్యాయ నియామకాలు జరిపే డీఎస్సీలో ఉర్దూ మాధ్యమ పోస్టులు కొన్ని రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కేటాయించినా, ఉర్దూలో చదివినవారు ఆ వర్గాల్లో దొరకక ఖాళీగా మిగులుతున్నాయి. ఉర్దూ నేర్చుకోవాలనుకునే ఆ వర్గాల పిల్లలకూ మీ ఉపకారవేతనంలో చోటివ్వండి. మీ జిల్లాలో ఏ కేటగిరీలో ఎన్ని పోస్టులు మిగిలాయో సమాచార హక్కు చట్టం కింద జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయాన్ని అడిగి, ఆ లెక్కను బట్టి మరుసటి ఏడాది ఉపకారవేతనాల సంఖ్యను నిర్ణయించండి.