బ్రేకు వేస్తే లారీ వణుకుతోందా? ముందు ఆ వణుకు లయ గమనించండి

లారీ ఆగేటప్పుడు వణికితే చాలామంది నేరుగా బ్రేకు డ్రమ్ములను, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నెలను, లోపలి వైపు చెక్కించి నునుపు చేయించడానికి లేత్‌కు పంపిస్తారు. దయచేసి తొందరపడకండి. ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి ఒకే ఒత్తిడితో మెల్లగా బ్రేకు తొక్కుతూ ఆ వణుకును గమనించండి.

వేగం తగ్గేకొద్దీ అదురు కూడా నెమ్మదిస్తే, అంటే చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక కుదుపు వస్తుంటే, డ్రమ్ము గుండ్రదనం కోల్పోయిందని అనుమానించాలి. ఘాట్ దిగాక కాలిపోతున్న డ్రమ్ముల మీద నీళ్లు పోసే అలవాటు ఉన్న బండ్లలో ఇది వస్తుంది, పగుళ్లూ వస్తాయి. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయకండి. అదురు స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలను, సీటు కింద తెలిస్తే ఎక్కువగా వెనక వాటిని చూడాలి.

అలా కాకుండా సరిగ్గా ఆగబోయే క్షణంలోనే గడగడ వణికితే దారి వేరు. లైనింగు మీద, అంటే డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే పట్టీ మీద, నూనె గానీ గ్రీజు గానీ పడిందా, అది నున్నబడి మెరుస్తోందా చూడండి. కమాన్ పట్టీలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు వదులైతే ఇరుసు మెలితిరిగి అచ్చం ఇలాగే కుదుపుతుంది. వేలు ఖర్చుపెట్టి డ్రమ్ములు మార్చాక ఆ బోల్టుల దగ్గరికి వచ్చేవారిని చూస్తే బాధేస్తుంది.

బ్రేకు వేయకపోయినా వణుకుంటే టైర్లు చూపించండి. మిగతా చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ముందు చక్రాన్ని జాకీతో ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగు, కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కకు తిరగడానికి ఇరుసుా ఆధారమైన కడ్డీ) వదులు బయటపడుతుంది. లేత్ పట్టించినా, డ్రమ్ము మీద అచ్చువేసిన గరిష్ఠ వ్యాసం దాటనివ్వకండి. దాటితే ఆ ఇరుసుకు రెండు వైపులా కొత్తవి వేయించండి.