గొంతు ఎందుకు వణుకుతోంది? రికార్డింగ్‌తో ఆనవాళ్లు పట్టడం ఎలా?

గొంతు వణికితే చాలామంది కంగారనో, వయసు మీద పడిందనో సరిపెట్టుకుంటారు. నిజమే కావచ్చు. కానీ ఎసెన్షియల్ ట్రెమర్ (చేతులు, తల, గొంతు లాంటివి వణికే నాడీ సమస్య), పార్కిన్సన్స్, స్పాస్మోడిక్ డిస్ఫోనియా (మాట్లాడేటప్పుడు స్వరపేటిక కండరాలు అదుపు తప్పే సమస్య), అతిగా పనిచేసే థైరాయిడ్, లిథియం, సాల్బుటమాల్ లాంటి మందులు కూడా గొంతును వణికించగలవు. చెవికి ఒకేలా అనిపించే ఈ వణుకుల్లో కొన్ని తేడాలు గ్రాఫ్ మీద కనబడతాయి.

ముందు రికార్డింగ్ సంగతి. సగం పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. ఫ్యాన్ ఆపిన గదిలో, మైకు నోటికి ఓ జానెడు దూరంలో, ఊపిరి నేరుగా తగలకుండా కాస్త పక్కకు పెట్టండి. ఫోన్లో అయితే చప్పుడు తగ్గించే సెట్టింగు, ధ్వనిని తనంతట తానే సర్దే సెట్టింగు ఆపేయాలి. అవి గొంతులోని ఎచ్చుతగ్గుల్ని చదును చేసేస్తాయి, మనకు కావలసింది ఆ ఎచ్చుతగ్గులే. ఫైలు ఎంపీత్రీలో కాకుండా వేవ్ (WAV) రూపంలో, సెకనుకు 44,100 నమూనాల చొప్పున (సెట్టింగుల్లో 44,100 హెర్ట్జ్) దాచండి.

తర్వాత మామూలు గొంతుతో 'ఆ' అని ఐదారు సెకన్లు సాగదీయాలి. ఇలా మూడుసార్లు. ఆపైన 'స్‌స్‌స్' అని ఊదుతూ ఒకసారి. ఇక రెండు వాక్యాలు: 'మా అమ్మ ఇవాళ ఊరు వెళ్లింది', 'సీత కొత్త పుస్తకం తెచ్చింది'. మొదటిదానిలో ప్రతి అక్షరానికీ స్వరతంతువులు కంపించాలి, రెండోదానిలో మధ్యమధ్య ఆగి మళ్లీ మొదలవ్వాలి. ఈ తేడా తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు ప్రాట్ తెరవండి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో పాల్ బూర్స్‌మా, డేవిడ్ వీనింక్ తయారుచేసిన, ధ్వనిని విశ్లేషించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 'ఆ' మధ్యలో నిలకడగా ఉన్న 3 సెకన్లు ఎంచుకుని పిచ్ (స్వరస్థాయి) గీత చూడండి. వణుకు ఉంటే గీత అలలా లేచిపడుతుంది. శిఖరాలు లెక్కపెట్టండి. 3 సెకన్లలో 15 ఉంటే వణుకు వేగం 5 హెర్ట్జ్. గీత ఉన్నట్టుండి సగానికి పడిపోయినా రెట్టింపైనా అది చాలాసార్లు సాఫ్ట్‌వేర్ తప్పే, పిచ్ హద్దులు మార్చి మళ్లీ చూడాలి.

చాలామంది జిట్టర్ అంకె చూసి తీర్పిచ్చేస్తారు. అది సరికాదు. జిట్టర్ కొలిచేది పక్కపక్క కంపనాల మధ్య తేడాని. గొంతు 200 హెర్ట్జ్ దగ్గర పలుకుతూ 5 హెర్ట్జ్‌తో వణికితే, ఒక్క అలలో 40 కంపనాలు పడతాయి. పక్కపక్క తేడా అతి స్వల్పం. కాబట్టి జిట్టర్ బాగున్నంత మాత్రాన వణుకు లేదనలేం.

అలల్ని చదవడం అసలు పని. సాగదీసిన 'ఆ'లో క్రమం తప్పని 4 నుంచి 7 హెర్ట్జ్ అల ఉంటే ఎసెన్షియల్ ట్రెమర్ గుర్తుకు రావాలి. పార్కిన్సన్స్ వణుకూ ఇంచుమించు ఇదే వేగంలో ఉండొచ్చు కాబట్టి వేగమొక్కటే చాలదు, మాటలో గొంతు సన్నగిల్లడం, ఎత్తుపల్లాలు లేకపోవడం కూడా చూడాలి. 'ఆ' మెరుగ్గా ఉండి, మొదటి వాక్యంలో మాట బిగుసుకుని తెగిపోతుంటే స్పాస్మోడిక్ డిస్ఫోనియా అనుమానం. రెండో వాక్యంలోనే గాలి పోయినట్టు తెగితే దాని మరో రకం కావచ్చు. 3 హెర్ట్జ్ దగ్గర నెమ్మదిగా, గతి తప్పి ఊగితే చిన్నమెదడు వైపు చూడాలి. 'స్‌స్‌స్'లోనూ అలలుంటే వణుకు స్వరతంతువుల దగ్గరే ఆగలేదు, ఊపిరి కండరాలో నాలుకో కూడా కదులుతుండొచ్చు.

ఇవన్నీ ఆనవాళ్లే, జబ్బు పేరు కాదు. ఏ కండరం వణుకుతోందో తేల్చడానికి ఈఎన్‌టీ డాక్టరు స్వరపేటికను కెమెరాతో చూడాలి. ఆ రోజు వేసుకున్న మందులు, వేసుకున్న సమయం, టీ కాఫీలు తాగారా లేదా అన్నది ఫైలు పేరుతోపాటు రాసి డాక్టరుకు చూపించండి. మాట ఒక్కసారిగా ముద్దగా మారినా, ముఖమో చెయ్యో పట్టు తప్పినా రికార్డింగులు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.