మొలాసిస్ కప్పుకు అంటుకోకుండా

పక్కింటి అమెరికన్ పెద్దావిడ వాళ్ళమ్మ చేతిరాత రెసిపీ కార్డు చూసి చెప్పిన మొలాసిస్ (చెరకు నుంచి పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి పాకం) కుకీలు చేసినప్పుడల్లా ఒకటే విసుగు. పావు కప్పు కొలిస్తే చెంచాడు కప్పుకే అతుక్కుపోతుంది, అచ్చం మన బెల్లం పాకంలా.

ఇప్పుడు ముందుగా కప్పు లోపల నాలుగు చుక్కల నూనె వేలితో అంచుదాకా రాసి, ఆ తర్వాత పోస్తున్నాను. మొత్తం జారి గిన్నెలో పడుతోంది, గీకే పనే లేదు. రెసిపీలో నూనె ఉంటే ఇంకా సుఖం, అదే కప్పుతో ముందు నూనె కొలిచేయండి.

ఫ్రిజ్‌లో పెట్టిన మొలాసిస్‌కి మాత్రం ఇది పనిచేయదు, గట్టిపడి కదలదు. సీసాను పది నిమిషాలు వేడి నీళ్ళలో ఉంచండి. అయితే వేడిగా ఉండగానే వెన్నలో కలపొద్దు. వెన్న కరిగి కుకీలు ట్రే మీద అట్లలా పరుచుకుంటాయి. నాకు ఒక ట్రే అలాగే పోయింది.