సీశాట్‌లో మార్కులు కదలట్లేదా? కొత్త పుస్తకం కొనేముందు ఇది చూడండి

సీశాట్, అంటే సివిల్స్ ప్రిలిమ్స్ రెండో పేపర్ గురించి అడిగేవాళ్ళ ప్రశ్న దాదాపు ఒకటే, "అన్నా ఎన్ని మాక్ టెస్టులు రాసినా అరవై మార్కుల దగ్గరే ఆగిపోతోంది, ఏ పుస్తకం కొనాలి?" పుస్తకం సంగతి తర్వాత. 80 ప్రశ్నలు, రెండు గంటలు, 200 మార్కులు, ఒప్పుకి 2.5, తప్పుకి 0.83 కోత, 33 శాతం రాకపోతే పొద్దున రాసిన జీఎస్ (జనరల్ స్టడీస్) పేపర్‌ని లెక్కలోకే తీసుకోరు, ఇవన్నీ మీకు తెలిసే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవట్లేదు.

ముందు ఒక చెక్ చేయండి, ఎంత చెప్పినా జనం దీన్నే వదిలేస్తున్నారు. కిందటి వారం రాసిన మాక్ తీసి, తప్పు పోయినవి, వదిలేసినవి మాత్రం మళ్ళీ చేయండి. కీ చూడొద్దు, సొల్యూషన్ చూడొద్దు, టైమర్ వద్దు, తీరిగ్గా కూర్చుని చేయండి. ఈసారి చాలావరకు ఒప్పొస్తే మీది టైం సమస్య. టైం ఎంతున్నా మళ్ళీ అదే తప్పు ఆప్షన్ పెడుతుంటే మీది టైం సమస్య కానే కాదు, రోజుకో మాక్ రాసినా ఉపయోగం లేదు. ఈ గంట పని చేయకుండా హైదరాబాద్ అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లలో ఇంకో టెస్ట్ సిరీస్‌కి డబ్బులు కట్టేవాళ్ళని చూస్తే నిజంగా బాధేస్తుంది.

టైం చాలట్లేదు, చివర్లో ఇరవై ప్రశ్నలు చూడను కూడా చూడట్లేదు

కారణం మొదటి ప్రశ్న నుంచి వరసగా పోవడం, రాని లెక్క దగ్గర ఐదేసి నిమిషాలు మొండిగా కూర్చోవడం. 27 ఒప్పు పెట్టి తప్పు ఒక్కటీ లేకపోతే 67.5, పాస్ అయిపోయినట్టే. అదే 60 ప్రశ్నలు పెట్టి అందులో 35 ఒప్పు, 25 తప్పు అయితే కోత పోను 66.67, పాస్ గీత 66, అంటే అంచు మీద నిలబడ్డారు, ఇంకొక్క తప్పు పడితే ఆ సంవత్సరం పోయినట్టే. కాబట్టి మొత్తం పేపర్ చేయాలన్న ఆలోచన వదిలేయండి. మొదటి రౌండ్‌లో చూడగానే దారి కనిపించినవి మాత్రమే, మిగతావాటికి పక్కన గుర్తు పెట్టుకుని రెండో రౌండ్‌లో రండి.

ఇంగ్లీష్ ప్యాసేజ్ మూడుసార్లు చదివితే గానీ ఎక్కట్లేదు

తెలుగు మీడియంలో చదివినవాళ్ళకి ఎక్కువ. పేపర్ ఇంగ్లీష్, హిందీల్లోనే ఉంటుంది, మెయిన్స్ తెలుగులో రాయొచ్చు గానీ ప్రిలిమ్స్ తప్పదు. కారణం పదాలు రాకపోవడం అనుకుంటారు, నేను చూసినంతలో అది సగమే, అసలు కారణం ప్రతి వాక్యాన్నీ మనసులో తెలుగు చేసుకుంటూ పోవడం, రెండో వాక్యానికొచ్చేసరికి మొదటిది మర్చిపోవడం. రోజూ ఒక ఎడిటోరియల్ తీసుకుని ఒక పేరా పూర్తిగా ఆగకుండా చదివి, పేపర్ బోర్లా పెట్టి, రాసినాయన ఏమంటున్నాడో ఒక్క వాక్యంలో తెలుగులో పైకి చెప్పండి. చెప్పలేకపోతే మళ్ళీ అదే పేరా. వొకాబులరీ లిస్టులు బట్టీ కొట్టడం కంటే ఇది వంద రెట్లు నయం.

అన్నీ అర్థమయ్యాయి, టైం సరిపోయింది, నమ్మకంగా పెట్టాను, కీ చూస్తే తప్పు

అసలు దొంగ ఇక్కడున్నాడు, నా దగ్గరికొచ్చే వాళ్ళలో ఎక్కువమంది కేసు ఇదే. సొల్యూషన్ చదవగానే "అరే, సిల్లీ మిస్టేక్" అని టిక్ కొట్టి ముందుకెళ్ళిపోతారు. వచ్చే మాక్‌లో మళ్ళీ అలాంటివి పది. పదిసార్లు వచ్చేదాన్ని సిల్లీ అని ఎలా అంటాం?

కారణం ఏంటంటే, పేజీ మీద లేనిదాన్ని మనం చదివేస్తున్నాం. సివిల్స్ చదివేవాళ్ళకి ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే ప్యాసేజ్‌లు వాతావరణం, వ్యవసాయం, ప్రజాస్వామ్యం, ఆర్థిక వ్యవస్థ, అంటే పొద్దున్నుంచి రాత్రి దాకా జీఎస్‌లో చదివే విషయాలే, దాంతో ప్యాసేజ్ మొదలవగానే మన నోట్స్ తెరుచుకుంటుంది.

నేను రాసిన చిన్న ప్యాసేజ్ చూడండి: "డ్రిప్ పెట్టుకున్న రైతులకు ఎకరానికి పట్టే నీళ్ళు తగ్గాయి. మిగిలిన నీళ్ళతో వాళ్ళు ఇంకొన్ని ఎకరాలు సాగులోకి తెచ్చారు. ఆ ప్రాంతంలో భూగర్భ జలాల వాడకం మాత్రం తగ్గలేదు." దీన్నుంచి తేలేది ఏది? ఎ) డ్రిప్‌కి ప్రభుత్వం సబ్సిడీ పెంచాలి. బి) డ్రిప్ వల్ల భూగర్భ జలాలు పెరుగుతాయి. సి) ఎకరానికి నీటి వాడకం తగ్గినంత మాత్రాన మొత్తం వాడకం తగ్గాలని లేదు. డి) రైతులకి నీటి విలువ మీద అవగాహన లేదు.

చాలామంది ఎ గానీ డి గానీ పెడతారు. మెయిన్స్ ఆన్సర్‌లో రాస్తే రెండూ బానే ఉంటాయి, కానీ సబ్సిడీ అన్న మాట ప్యాసేజ్‌లో ఎక్కడుంది? అవగాహన లేదని ఎవరన్నారు? బి అయితే ప్యాసేజ్ చెప్పినదానికే ఎదురు, అయినా డ్రిప్ అనగానే నీటి ఆదా అని మనం చదివింది గుర్తొచ్చి చెయ్యి అటు పోతుంది. జవాబు సి, అది చప్పగా ఉంటుంది, కొత్త విషయం ఏమీ చెప్పదు, అందుకే నచ్చదు. జవాబులు ప్యాసేజ్ ఆధారంగా మాత్రమే ఇవ్వాలని అసలు పేపర్‌లో ప్యాసేజ్‌ల పైనే రాసి ఉంటుంది, ఆ లైన్‌ని ఎవరూ చదవరు.

ఇది ప్యాసేజ్‌ల జబ్బే అనుకోకండి, లెక్కల్లోనూ ఇదే. వెళ్ళేటప్పుడు గంటకి 40 కిలోమీటర్లు, అదే దారిలో వచ్చేటప్పుడు 60, సగటు వేగం ఎంత? 50 అనేస్తారు. రెండు ప్రయాణాలకీ సమానమైన టైం పట్టిందని ఎవరు చెప్పారు, సమానంగా ఉన్నది దూరం కదా. దూరం 120 అనుకుంటే వెళ్ళడానికి మూడు గంటలు, రావడానికి రెండు, మొత్తం 240 ఐదు గంటల్లో, సగటు 48. డేటా సఫిషియెన్సీలో, అంటే ఇచ్చిన సమాచారం జవాబుకి సరిపోతుందా అని అడిగేవాటిలో, ఎక్స్ ఎంత అని అడిగి, ఎక్స్ వర్గం 49, ఎక్స్ 10 కంటే చిన్నది అని రెండు స్టేట్‌మెంట్లిస్తే, రెండూ కలిపితే ఎక్స్ 7 అని పెట్టేస్తారు, మైనస్ 7 కూడా ఉందిగా, పాజిటివ్ అని మనమే కలుపుకున్నాం. బ్లడ్ రిలేషన్స్‌లో, అంటే ఎవరికి ఎవరు ఏమవుతారని అడిగే ప్రశ్నల్లో, పేరు చూసి మగో ఆడో డిసైడ్ అయిపోవడం కూడా ఇదే బాపతు.

ఇది దొరక్కపోవడానికి కారణం, కలుపుకున్నది ఒక్కోసారి నిజమవుతుంది, మార్కు పడిపోతుంది. ఒప్పొచ్చిన ప్రశ్నని ఎవరూ తిరిగి చూడరు కాబట్టి అలవాటు అలాగే ఉండిపోతుంది, తేలిక మాక్‌లో తొంభై వచ్చినవాళ్ళు గట్టి పేపర్‌లో యాభైకి పడిపోయేది దీనివల్లే.

ఏం చేయాలంటే, రెండు మూడు వారాలు మాక్‌లు ఆపేసి పాత ప్రీవియస్ పేపర్లు తీయండి, 2011 నుంచి ఉన్నాయి. ప్యాసేజ్‌లో వాక్యాలకి నంబర్లు వేయండి. ఆప్షన్ ఎంచుకునేముందు అది ఏ నంబర్ వాక్యం నుంచి వచ్చిందో పక్కన రాయండి, రాయడానికి నంబర్ దొరక్కపోతే అక్కడ "నాది" అని రాయండి, అంటే అది ప్యాసేజ్‌ది కాదు మీది. లెక్కల్లో అయితే ఇచ్చినవి ఒక పక్క, అడిగింది ఒక పక్క రాసి, మీరు వాడిన ప్రతి విషయం ఇచ్చినవాటిలో ఉందో లేదో చూడండి. ఒప్పొచ్చినవాటికి కూడా ఇదే చేయాలి, ముఖ్యంగా వాటికే. మొదట్లో ఒక ప్యాసేజ్‌కి పదిహేను నిమిషాలు పట్టినా కంగారు పడకండి, వారం తిరిగేసరికి నంబర్ కంటికే తగులుతుంది, రాయక్కర్లేదు. "నాది"లు బాగా తగ్గాక టైమర్ పెట్టండి.

మిగతావి

ఇంట్లో బాగా వస్తోంది, ఎగ్జామ్‌లో రావట్లేదు అంటే చాలావరకు అలసట. సీశాట్ మధ్యాహ్నం రెండున్నరకి, పొద్దున జీఎస్‌తో బుర్ర వేడెక్కి ఉంటుంది. ఆదివారాలు పొద్దున ఒక జీఎస్ మాక్ రాసి, అన్నం తిని, రెండున్నరకే సీశాట్ రాయండి, రాత్రి పదింటికి ప్రశాంతంగా రాసిన మాక్ మార్కుల్ని నమ్మొద్దు.

పదో తరగతి లెక్కలే రాకపోతే నంబర్ సిస్టమ్‌తో మొదలుపెట్టండి, భాజనీయత (ఏ సంఖ్య దేనితో భాగించబడుతుంది), శేషాలు ముందు. ఓఎంఆర్ జవాబు పత్రంలో బబుల్స్ ఒక వరస జరిగిపోవడం, కళ్ళద్దాల పవర్ మారడం లాంటివి ఉంటాయి గానీ అరుదు, పైవన్నీ చూశాకే వాటి దాకా రండి.